గండిపేట లాంటి డ్యామ్ బెజవాడకి కడితే వరద ఆగుద్దా?

గుంటూరు నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న, కాస్త కుదించి రాస్తున్నా. "1908లో మూసీ ముంచాక హైదరాబాద్‌కి గండిపేట కట్టారు కదా, మనకి అంత పెద్ద ప్రకాశం బ్యారేజీ ఉండి కూడా 2024లో సింగ్‌నగర్ ఎందుకు మునిగింది? పైన ఇంకో డ్యామ్ కడితే ఇక భయం ఉండదా? పాయకాపురం వైపు స్థలం చూస్తున్నాం, కొనొచ్చా?"

నేను ఇరిగేషన్‌లో కాలవల మీదా కరకట్టల మీదా పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, ఉండేది బెజవాడే. సూటిగా చెప్పేస్తా. కృష్ణ వరదని ఆపేంత డ్యామ్ బెజవాడ పైన ఇక కట్టలేం. అసలు 2024లో సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ కాదు, ఊరి ఉత్తరం పక్కన పారే బుడమేరు వాగు. బుడమేరు మీద మాత్రం ఒక చిన్న వరద డ్యామ్ కొంత పనికొచ్చిద్ది, అదీ ముందు కాలవ బాగుచేసుకున్నాకే. స్థలం సంగతి చివర్లో చెప్తా.

ముందు బ్యారేజీ గురించి, ఎందుకంటే బాగా చదువుకున్నవాళ్ళు కూడా దాన్ని ఊరికి కాపలా కట్టడం అనుకుంటున్నారు. అది వరద కోసం కట్టింది కాదండీ, కరువు పుణ్యమా అని వచ్చింది. 1832-33లో నందన కరువు, మన పెద్దవాళ్ళు డొక్కల కరువు అనేవాళ్ళు, గుంటూరు జిల్లాలో ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయిపోయాయి, కృష్ణలో నీళ్ళు కళ్ళముందే సముద్రంలోకి పోతా ఉంటే పక్కన పొలాలు ఎండిపోయాయి. ఆ తర్వాత కాటన్ దొర వెంటపడితే 1852లో మొదలుపెట్టి 1855కి ఆనకట్ట పూర్తిచేశారు, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఆర్. అది వందేళ్ళ దాకా పనిచేసి 1952లో తెగింది, తర్వాత 1954లో మొదలుపెట్టి 1957కి ఇప్పుడు మనం చూస్తున్న బ్యారేజీ లేపారు, టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు. దాని పని అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే, నదిలో నీటిమట్టాన్ని పైకి నిలబెట్టి ఇటు బందరు కాలవకి, ఏలూరు కాలవకి, రైవస్ కాలవకి, అటు సీతానగరం నుంచి పశ్చిమ డెల్టా కాలవకి నీళ్ళు వాటంతట అవే పారేట్టు చేయడం.

70 గేట్లు, ఒక్కోటి 40 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు. నిండా నిలబెడితే వెనకాల 3 టీఎంసీల చిల్లర. ఇక్కడే లెక్క చూడండి, ఇది అర్థమైతే సగం ప్రశ్న తీరిపోయినట్టే. క్యూసెక్ అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 2024 సెప్టెంబర్ మొదట్లో బ్యారేజీకి వచ్చిన పీక్ 11.43 లక్షల క్యూసెక్కులు. ఆ లెక్కన బ్యారేజీ వెనక మొత్తం ఖాళీగా ఉందనుకున్నా, నిండటానికి పట్టేది ముప్పావు గంట. ముప్పావు గంట తర్వాత ఏం చేస్తారు? అందుకే వరదొస్తే 70కి 70 గేట్లూ ఎత్తేస్తారు, ఎత్తేశాక అది బ్యారేజీ కాదు, ఉత్త వంతెన, స్తంభాల మధ్యలోంచి నది తన దారిన తను పోయిద్ది. "గేట్లు దించి కాసేపు ఆపొచ్చుగా" అని నన్ను పెళ్ళిళ్ళలో కూడా అడుగుతుంటారు. దించితే వెనక నీళ్ళు లేచి భవానీపురం, ఇబ్రహీంపట్నం వైపు ఎక్కేస్తాయి, అంతే జరిగేది. 2024లో పైనుంచి పడవలు కొట్టుకొచ్చి 67, 69, 70 నంబర్ గేట్ల కౌంటర్ వెయిట్లని, అంటే గేటు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెల్ని, గుద్దినప్పుడు టీవీల్లో బ్యారేజీ పోతే ఊరు పోయిద్ది అని హడావుడి చేశారు గానీ అసలు భయం ఊరికి కాదు, గేట్లు పాడైతే వరద తగ్గాక నీళ్ళు నిలబడవు, డెల్టాలో వరి ఎండిద్ది. ఆ బాధ వేరు.

ఇప్పుడు గండిపేట. మంచి ఉదాహరణే తీసుకున్నారు, ఎందుకంటే ఊరిని కాపాడటానికే అని ముందే అనుకుని కట్టిన డ్యామ్‌లు మన తెలుగువాళ్ళకి తెలిసినవి అవే. 1908 సెప్టెంబర్ 28న మూసీ వచ్చి హైదరాబాద్‌లో వేలమందిని తీసుకుపోయింది. నిజాం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించాడు. ఆయన పైకెళ్ళి చూస్తే ఆ నది పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయి ఉన్నాయి, అంటే వాన నీళ్ళకి చెరువుల నీళ్ళు తోడై ఒక్కసారిగా వచ్చి పడ్డాయన్నమాట. ఆయన చెప్పిందేంటంటే ఊరి పైన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి కట్టి ఆ ఉధృతిని పట్టుకుని మెల్లగా వదలండి అని. గండిపేట, అదే ఉస్మాన్ సాగర్, 1920కి అయ్యింది, హిమాయత్ సాగర్ 1927కి. పనిచేశాయి, కాదనేది లేదు.

కానీ ఎందుకు పనిచేశాయి? మూసీ చిన్న నది. వరద ఎంత భీకరంగా ఉన్నా ఒకటి రెండు రోజుల్లో దిగిపోయిద్ది. రెండు డ్యామ్‌లూ ఊరికి సరిగ్గా పైన, రెండు పాయల మీదా పడ్డాయి, మధ్యలో ఇంకో పెద్ద వాగు వచ్చి కలవదు. ఉస్మాన్ సాగర్ 3.9 టీఎంసీ, హిమాయత్ సాగర్ 3 టీఎంసీకి కొంచెం తక్కువ. రెండూ కలిపి తెచ్చి ఖాళీగా మన కృష్ణ మీద పెడితే 2024 పీక్‌కి గంటా నలభై నిమిషాలు ఆగుద్ది. అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది, అదే నాకు అసలు సంగతి అనిపిచ్చిద్ది. వరద కోసం కట్టిన ఆ డ్యామ్‌లలో తర్వాత ఏమైంది? ఊరికి తాగునీళ్ళు అందులోంచే తీసుకున్నారు. తాగునీళ్ళు కావాలంటే డ్యామ్ నిండుగా ఉండాలి, వరద ఆపాలంటే ఖాళీగా ఉండాలి. ఒకే గిన్నెని రెండు పనులకి వాడితే ఏదో ఒకటి దెబ్బతినిద్ది, ఎండాకాలం దాహం అందరికీ గుర్తుండిద్ది, వరద పాతికేళ్ళకోసారి వచ్చిద్ది కాబట్టి గెలిచేది ఎప్పుడూ నింపుకోవడమే. డ్యామ్ ఎంత పెద్దదని కాదు, వరద వచ్చిన రోజున అందులో ఎంత ఖాళీ ఉంది అన్నదే అడగాలి. ఎవరైనా మీకు ఫలానా ప్రాజెక్ట్ 45 టీఎంసీ అని చెప్తే వెంటనే అడగండి, ఆ రోజు ఖాళీ ఎంత అని.

ఆ ప్రశ్న కృష్ణకి వేద్దాం. మన పైన శ్రీశైలం ఉంది, నాగార్జున సాగర్ ఉంది, పులిచింతల ఉంది. పులిచింతలకి కె.ఎల్. రావు గారి పేరు పెట్టారు, బెజవాడ నుంచే మూడుసార్లు ఎంపీ అయ్యి కేంద్రంలో ఇరిగేషన్ మంత్రిగా చేశారాయన. దాని పూర్తి సామర్థ్యం 45.77 టీఎంసీ. పూర్తిగా ఖాళీగా ఉంటే 2024 పీక్‌కి పదకొండు గంటలు పట్టిద్ది నిండటానికి. సాగర్ ఇప్పుడు 312 టీఎంసీల చిల్లర, అది అడుగంటి ఉంటే మూడు రోజులు. బాగుంది కదా అనిపిచ్చిద్ది. కానీ సెప్టెంబర్‌లో అవి ఖాళీగా ఉండవండీ. ఆగస్టులో పైనుంచి నీళ్ళు రాగానే నింపేసుకుంటాం, ఎందుకంటే ఈ ఏడు మళ్ళీ వస్తాయో రావో ఎవరికీ తెలీదు, రెండు రాష్ట్రాల ఆయకట్టూ దాని మీదే ఉంది, పైన కర్ణాటక, మహారాష్ట్రతో వాటాల గొడవ ఎలాగూ ఉంది. వరద వచ్చిద్దేమో అని ముందే పది టీఎంసీలు వదిలేసిన ఇంజినీర్‌ని, తర్వాత వాన రాకపోతే, రైతులూ వదలరు పేపర్లూ వదలవు. వదలకుండా పెట్టుకుని వరద వస్తే అది దేవుడి మీదకి పోయిద్ది. ఇది నేను ఎవరినీ తిట్టడానికి అనట్లా, ఆ కుర్చీలో ఎవరున్నా అంతే చేస్తారు.

అయినా ఆ డ్యామ్‌లు అస్సలు ఉపయోగపడవా అంటే అదీ తప్పే. 2009 అక్టోబర్ గుర్తుందా? శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది, అది డిజైన్ చేసిన దానికన్నా చాలా ఎక్కువ, పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్ళు 896 దాకా లేచాయి. అదంతా అలాగే కిందకి వచ్చి ఉంటే ఈ సమాధానం రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదేమో. శ్రీశైలం, సాగర్ కలిసి ఆ శిఖరాన్ని కోసి, సాగదీసి వదిలితే మన బ్యారేజీ దగ్గరికి వచ్చేసరికి అది 11 లక్షల లోపు పీక్ అయ్యింది. కానీ దాని ఖరీదు ఎవరు కట్టారు? కర్నూలు. తుంగభద్ర, హంద్రీ నీళ్ళు పోయే దారి లేక శ్రీశైలం బ్యాక్‌వాటర్ మీద నిలబడిపోయాయి, కర్నూలు, ఆలంపూర్ మునిగిపోయాయి. కింద ఊరిని కాపాడే ప్రతి డ్యామ్‌కీ వెనకాల ఒక ఊరు ఉండిద్ది, ఈ మాట డ్యామ్ కట్టండి అనేవాళ్ళెవరూ చెప్పరు.

2009 వరదప్పుడు నేను బ్యారేజీకి దిగువన కరకట్ట మీద ఉన్నా. రాత్రిళ్ళు టార్చిలైట్లు పట్టుకుని లస్కర్లు (కాలవల మీద కాపలా పనివాళ్ళు), ఊళ్ళో కుర్రాళ్ళు, మేమూ వరసగా నడిచేవాళ్ళం, చూసేది నది వైపు కాదు, కట్టకి అవతల పొలం వైపు, మడమ దగ్గర, అంటే కట్ట వాలు నేలని తాకే చోట. ఎలక బొరియో పీత బొరియో ఉంటే అక్కడ ఊట మొదలయ్యిద్ది. ఊట తేటగా వస్తే కంగారు అక్కర్లా, కన్నేసి ఉంచితే చాలు, బురదగా, ఇసక కలిసి వస్తే మాత్రం కట్ట లోపల మట్టి కదిలిపోతుందని అర్థం. అప్పుడు తెలియనివాళ్ళు చేసే పని దాన్ని మట్టితో మూసేయడం, మూస్తే ఇంకో చోట పగిలిద్ది. చేయాల్సింది దాని చుట్టూ ఇసక బస్తాలు గుండ్రంగా కట్టి లోపల నీళ్ళని లేవనివ్వడం, నీళ్ళు లేచేకొద్దీ వెనక ఒత్తిడికి ఎదురు ఒత్తిడి వచ్చి మట్టి రావడం ఆగుద్ది, తేట నీళ్ళు పైనుంచి పోతా ఉంటాయి, పోనివ్వాలి. ఇది ఏ డ్యామ్ గురించీ కాదు కదా అంటారేమో, డెల్టాలో ఊళ్ళని నిజంగా కాపాడేది ఇదేనండీ, కరకట్ట, దాని మీద రాత్రి తిరిగే మనుషులు.

ఇక 2024లో కృష్ణ వైపు ఏం జరిగిందంటే, సాగర్ నుంచి వచ్చే నీళ్ళు కొంత, దానికి పులిచింతల దాటాక కలిసే మున్నేరు, పాలేరు లాంటి ఖమ్మం వైపు వాగుల నీళ్ళు తోడయ్యాయి. ఆ వారాంతం ఖమ్మాన్నే మున్నేరు ముంచేసింది, నందిగామ దగ్గర హైవే కూడా మునిగింది. మున్నేరు మీద ఇంత వరదని పట్టే డ్యామ్ లేదు, అది వచ్చి కలిసేది పులిచింతలకి కింద, కాబట్టి పైన ఎన్ని ఉన్నా దాని మీద మనకి పెత్తనం లేదు. అక్కడి నుంచి బ్యారేజీ దాకా నది వెడల్పుగా, చదునుగా ఉండిద్ది, రెండువైపులా ఊళ్ళు, మిరప పొలాలు, పత్తి, అవతల అమరావతి. డ్యామ్ కడితే నీళ్ళు నిలబెట్టుకోవడానికి కొండల మధ్య లోయ కావాలి, ఇక్కడ అది లేదు. వైకుంఠపురం దగ్గర ఇంకో బ్యారేజీ ప్రతిపాదన వింటుంటాం, అది కూడా నీళ్ళు నిలబెట్టుకునేదే, వరద ఆపేది కాదు. ఎవరైనా అది కడితే బెజవాడకి వరద ఉండదు అంటే నమ్మకండి.

మరి అంత వరదకి నది ఒడ్డున ఉన్న కృష్ణలంక ఎందుకు మునగలా? ఒకప్పుడు ఐదారు లక్షలు దాటితే చాలు రాణిగారితోట, భూపేష్ గుప్తా నగర్ జనం సామాన్లు నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కేవాళ్ళు. కాపాడింది రిటైనింగ్ వాల్. 12 లక్షల క్యూసెక్కులకి లెక్కగట్టి విడతలవారీగా కట్టారు. ఎవరి హయాంలో ఎంత కట్టారన్న గొడవ నాకొద్దు, అది ఎలక్షన్లప్పుడు మాట్లాడుకోండి. ఇంజినీరింగ్ పరంగా నేను చెప్పేది, గోడ కట్టిన రోజు నుంచి ఊళ్ళో పడ్డ వాన బయటికి పోయే దారి గురించి కూడా ఆలోచించాలి. డ్రెయిన్ నదిలోకి తెరుచుకునే చోట తలుపు ఉండాలి, లేకపోతే నది లేచినప్పుడు అదే డ్రెయిన్లోంచి వెనక్కి వచ్చేసిద్ది. తలుపు మూస్తే లోపలి నీళ్ళు తోడటానికి మోటార్లు ఉండాలి. అవతల ఒడ్డున ఉండవల్లి దగ్గర కొండవీటి వాగుకి చేసింది అదే, కృష్ణ నిండుగా ఉంటే వాగు తనంతట తను కలవలేదు కాబట్టి 5 వేల క్యూసెక్కులు ఎత్తిపోసే పంపులు పెట్టారు, 2018లో మొదలైంది.

సరే, బుడమేరు. దీని గురించి కొంచెం ఓపిగ్గా చదవండి.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి వెలగలేరు మీదుగా వచ్చి, బెజవాడ ఉత్తరం పక్కన సింగ్‌నగర్, పాయకాపురం వైపు నుంచి ఎనికెపాడు దాటి కొల్లేరులో కలిసే వాగు. మామూలు రోజుల్లో చూస్తే మురిక్కాలవ అనుకుంటారు, గుర్రపు డెక్క నిండిపోయి ఉండిద్ది. వానొస్తే ఊరి దుఃఖం. పాతవాళ్ళు దీనికి ఒక ఉపాయం చేశారు, వెలగలేరు దగ్గర 11 గేట్లతో ఒక రెగ్యులేటర్ కట్టి, వరదని ఊరి వైపు రానీకుండా పక్కకి తిప్పి, డైవర్షన్ కాలవలో కొండపల్లి, థర్మల్ స్టేషన్ పక్కగా తీసుకెళ్ళి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో, బ్యారేజీకి ఎగువన కలిపేశారు. మీరడిగిన "ఊరిని వరద నుంచి కాపాడటానికి కట్టిన కట్టడం" అంటే బెజవాడకి అసలు సిసలు ఇదే, కానీ ఎవరూ చూడటానికి వెళ్ళరు, ప్రకాశం బ్యారేజీ మీద సెల్ఫీలు దిగి వచ్చేస్తారు.

ఈ ఏర్పాటులో బలహీనతలు మూడు చోట్ల ఉన్నాయి.

ఒకటి, కాలవ సైజు. డైవర్షన్ కాలవ లెక్క 15 వేల క్యూసెక్కులు. 2024లో బుడమేరులో వచ్చింది 35 వేల పైన అని అంచనా. పైగా అదే కాలవలోకి పోలవరం కుడి కాలవ నీళ్ళు కూడా వస్తాయి, పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు కృష్ణకి వచ్చేది ఆ దారినే. కాలవ పట్టనప్పుడు రెండే జరుగుతాయి, రెగ్యులేటర్ గేట్లు ఎత్తి పాత బుడమేరులోకి, అంటే ఊరి మీదకి వదలాలి, లేదా కట్ట తెగుద్ది. 2024లో రెండూ జరిగాయి. కొండపల్లి శాంతినగర్, కవులూరు వైపు ఎడమ కట్టకి మూడు గండ్లు పడ్డాయి, ఆర్మీ వాళ్ళు కూడా వచ్చి పూడిస్తే గానీ సెప్టెంబర్ 7కి ఓ కొలిక్కి రాలా.

రెండు, కాలవ కలిసే చోటు. కృష్ణ పదకొండు లక్షల మీద ఉంటే ఆ నీటిమట్టం మీదకి డైవర్షన్ కాలవ నీళ్ళు ఎక్కలేవు, అక్కడే నిలబడిపోతాయి, వెనక్కి తంతాయి కూడా. అంటే కృష్ణకీ బుడమేరుకీ ఒకేసారి వరద వస్తే ఈ ఏర్పాటు చేతులెత్తేస్తుంది. ఒకేసారి రావడం అరుదు అనుకుని కట్టారు. ఆగస్టు 31, సెప్టెంబర్ 1న అదే వచ్చింది.

మూడు, ఊరి లోపల, ఊరి కింద. పాత బుడమేరు ఇప్పుడు చాలాచోట్ల సగం కూడా లేదు, ఇళ్ళు, మట్టి, చెత్త. ఎనికెపాడు దగ్గర ఏలూరు కాలవ కిందనుంచి అండర్ టన్నెల్‌లో దాటాలి, మావాళ్ళు యూటీ అంటారు, అక్కడ ఎంత పడితే అంతే కిందకి పోయేది. దాన్ని దాటినా కొల్లేరు. కొల్లేరులో చేపల చెరువుల గట్లు, వాటిని 2006లో ఒకసారి పెద్ద ఎత్తున కొట్టేశారు, మళ్ళీ లేచాయి. కొల్లేరు నుంచి సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరు. కింద మూత బిగిసి ఉంటే పైన సింగ్‌నగర్‌లో నీళ్ళు వారం పది రోజులు నిలబడక ఏం చేస్తాయి? జనం "వాన ఆగిపోయింది, నీళ్ళెందుకు పోవట్లా" అని అడిగింది ఇందుకే.

ఇప్పుడు మీ డ్యామ్ ప్రశ్నకి వద్దాం, ఇక్కడ అది అర్థమున్న ప్రశ్న. 35 వేలు వచ్చి కాలవ 15 వేలు తీసుకెళ్తే మిగిలేది 20 వేలు. వెలగలేరుకి పైన 1 టీఎంసీ ఖాళీ దొరికితే ఆ మిగులుని దాదాపు పద్నాలుగు గంటలు పట్టుకోవచ్చు. బుడమేరు లాంటి కొండవాగు వరదకి పద్నాలుగు గంటలంటే చాలా ఎక్కువ, పీక్ అంతా అందులోనే అణిగిపోవచ్చు. కృష్ణ మీద గంటలు లెక్కకి రావు, ఇక్కడ వస్తాయి.

కాకపోతే అది గండిపేట లాంటిది కాకూడదు. అమెరికాలో ఓహియో రాష్ట్రంలో డేటన్ అనే ఊరు ఉంది, 1913లో గ్రేట్ మయామీ నది ముంచేస్తే వాళ్ళు డబ్బులేసుకుని 1922కల్లా పైన ఐదు మట్టి డ్యామ్‌లు కట్టుకున్నారు. వాటికి గేట్లే లేవు. అడుగున తూము ఎప్పుడూ తెరిచే ఉండిద్ది, మామూలు నీళ్ళు అలా పోతూనే ఉంటాయి, తూము పట్టనంత వరద వస్తే మిగిలింది వెనక తనంతట తనే నిలిచి తర్వాత దిగిపోయిద్ది. ఎత్తాలా దించాలా అని రాత్రిపూట ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, నీళ్ళు దాచుకుందామన్న ఆశ కూడా పుట్టదు, దాగవు కాబట్టి. వెనక భూముల్లో వ్యవసాయం చేసుకోవచ్చు, ఇళ్ళు మాత్రం కట్టకూడదు అని ముందే రాయించుకున్నారు. నా వరకు బుడమేరుకి ఏదైనా కడితే ఇలాంటిదే కట్టాలి. గేట్లు పెట్టి "బుడమేరు రిజర్వాయర్" అని పేరు పెట్టామా, రెండో ఏడే అందులో చేపల వేలం, మూడో ఏడు లిఫ్ట్ ఇరిగేషన్, వరద వచ్చే రోజుకి నిండుకుండలా ఉండిద్ది.

భూమి ఎంత కావాలో కూడా చెప్పాలి కదా. 1 టీఎంసీని సగటున పది అడుగుల లోతులో నిలబెట్టాలంటే 2,300 ఎకరాల దాకా మునుగుద్ది. జి.కొండూరు, మైలవరం వైపు అది మామిడి తోటలు, పొలాలు, కొంత అడవి. ఏటా మునగదు గానీ మునిగిన ఏడు పంట పోయిద్ది, దానికి పరిహారం అప్పటికప్పుడు కాదు, ముందే పద్ధతి ప్రకారం రాసివ్వాలి. సింగ్‌నగర్ కోసం మైలవరం రైతు ఎందుకు మునగాలి అని అడుగుతారు, న్యాయమే. కర్నూలు సంగతి చెప్పింది అందుకే.

అందుకని నన్నడిగితే వరస ఇలా ఉండాలి: ముందు డైవర్షన్ కాలవని వెడల్పు చేసి ఎడమ కట్టని కాంక్రీట్‌తో గట్టిచేయడం, దాంతోపాటే ఎనికెపాడు యూటీ నుంచి ఉప్పుటేరు దాకా కింద దారి తెరవడం, ఊళ్ళో బుడమేరు హద్దులు రాళ్ళు పాతి తేల్చడం, ఆ తర్వాత మిగిలిన వరదకి పైన ఆ గేట్లు లేని డ్యామ్. తిరగేసి డ్యామ్ ముందు కడితే శంకుస్థాపన ఫొటో బాగుండిద్ది, అంతే.

ఇంక మీ స్థలం. పాయకాపురం అంతా మునిగే ప్రాంతం అని కొట్టిపారేయను, అక్కడ కూడా ఒక వీధికీ ఇంకో వీధికీ మూడు నాలుగడుగులు తేడా ఉంది. అడ్వాన్స్ ఇచ్చేముందు ఇవి చూడండి.

చుట్టుపక్కల పాత ఇళ్ళ గోడలు చూడండి, 2024 నీళ్ళ గీత ఇంకా చాలాచోట్ల కనపడిద్ది, రంగేసేస్తే కరెంటు స్తంభాన్నో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెనో చూడండి. 2005లో కూడా బుడమేరు వచ్చింది, అప్పుడు ఎంత వచ్చిందో పాలవాణ్ణో రేషన్ డీలర్‌నో అడగండి, బ్రోకర్ని అడక్కండి. రెండు వరదల్లోనూ నడుం దాటిన చోటు అయితే ఎంత చౌకైనా వదిలేయండి. విలేజ్ మ్యాప్, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పటం) తీయించి పక్కన వాగు పోరంబోకు, చెరువు, డొంక అని ఏమైనా ఉందేమో చూడండి, లేఅవుట్ కాగితం చూసి సరిపెట్టుకోవద్దు, లేఅవుట్‌లో అన్నీ చక్కగా గీతలే ఉంటాయి. ఒక సర్వేయర్‌ని పెట్టి ఆ స్థలం లెవెల్, దగ్గర్లో బుడమేరు కట్ట లెవెల్ రెండూ తీయించండి, పెద్ద ఖర్చు కాదు.

కొనేసి కడితే మాత్రం కింద పార్కింగ్ వదిలేసి పైన ఇల్లు కట్టండి, మీటర్ బోర్డు, ఇన్వర్టర్, మోటార్ స్టార్టర్ మొదటి అంతస్తు మెట్ల దగ్గర పెట్టించండి. సెప్టిక్ ట్యాంక్ పైపుకి వెనక్కి తన్నకుండా వాల్వ్ వేయించండి, 2024లో జనం ఎక్కువ ఇబ్బంది పడింది వరద నీళ్ళ కన్నా బాత్రూముల్లోంచి పైకి తన్నిన దాంతోనే. సంపు మూత నేలమట్టానికి కాకుండా రెండడుగులు పైకి లేపండి. బండికీ ఇంటికీ ఇన్సూరెన్స్ తీసుకుంటే వరద కవర్ అయ్యిద్దో లేదో చదివి తీసుకోండి.

ఊరి పేరు, సర్వే నంబర్ రాస్తే అది పాత బుడమేరుకి ఏ వైపు పడిద్దో, కట్ట లోపలో బయటో మ్యాప్‌లో చూసి చెప్తాను.